నీలం తీసిన చోటు

ఆ ఏడు కాఫీ పళ్లు సగం కోశామో లేదో, మా ఇంటికి ఎగువన సున్నం పూసిన రాళ్లు పాతారు. రాళ్లగెడ్డ అనే మా వాగుకి అడ్డంగా గోడ కట్టి కరెంటు తీస్తారట. నిలిచిన నీళ్లు ఆ రాళ్ల దాకా వస్తాయట. రాళ్లేమో పనసచెట్టుకి పైన ఉన్నాయి, మా ఇల్లు పనసచెట్టుకి కింద ఉంది. ఇది తేల్చుకోవడానికి చదువు అక్కర్లేదు. ఊరు ఊరంతా, ఇరవై రెండు గడపలూ, చెట్టుకి కిందే ఉన్నాయి.

ఆ రాళ్లు తెచ్చి దింపింది పరాయివాడైతే నాలుగు తిట్టి ఊరుకునేవాళ్లం. దింపింది మా ఆయన ఫల్గుణ. కంపెనీ జీపుకి డ్రైవరుగా చేరి అప్పటికి ఎనిమిది నెలలు. "నాను తేకపోతే ఇంకోడు తెత్తాడు" అనేవాడు. ఊళ్లోవాళ్లు అతని ముందు నోరు మెదిపేవారు కాదు. జ్వరమొచ్చినా పురుడొచ్చినా ఘాటీ దిగడానికి ఆ జీపే దిక్కు మరి. వెనక మాత్రం అనవలసినవన్నీ అనేవారు. కాఫీ తోటలో నా చెవిన పడేలాగే అనేవారు.

మా మావ సోంబరు కొడుకుని ఒక్క మాట అనలేదు. ఆయనది మడులు కట్టే పని. కొండవాలుని మెట్లు మెట్లుగా చెక్కి వరిమడి దించాలంటే, చుట్టుపక్కల ఏ ఊరివాళ్లయినా ముందు ఆయన్ని పిలుచుకుపోతారు. రాళ్లు పాతిన రోజున చెట్టు కింద నిలబడి, ఆ రాళ్ల వరసనీ, దిగువన గెడ్డనీ చాలాసేపు చూశాడు. "మట్టం సరిగ్గానే ఎట్టినారు" అన్నాడు. మెచ్చుకున్నాడో ఏడ్చాడో నాకు తెలియలేదు.

పుష్యమాసం మొదట్లో ఒక పొద్దున్న, నేను పళ్లు కోసే బుట్ట నడుముకి కట్టుకుంటుంటే మా ఆయన ఆపాడు.

"ఇయ్యాళ తోటకెల్లొద్దు. మేనేజరు రమ్మంటన్నాడు. నీకు రంగుపని ఉందంట."

రంగుపని నాకు వచ్చు. పెళ్లికి ముందు బొమ్మల ట్రైనింగుకి వెళ్లాను, రెండేళ్లు మ్యూజియంలో మట్టిబొమ్మలకి రంగులు వేశాను. చీర అంచు మీద చుక్కలు పెట్టమంటే చీమ తల కన్నా చిన్నవి పెట్టగలను. ఆ గొప్పే నా కొంప ముంచింది. పెళ్లయ్యాక కుంచె పట్టనే లేదు, అందుకని రంగుపని అనగానే ఏ పనో అడక్కుండా జీపెక్కేశాను.

మండలం ఊళ్లో పాత కాఫీ గొడౌను ఒకటి కంపెనీవాళ్లు తీసుకున్నారు. మేనేజరు లక్ష్మణరావుది కొండ దిగువ, కింది దేశం. పెద్దగొంతుతో అరిచే రకం కాదు. నాకు కుర్చీ వేయించి, టీ ఇప్పించి, అప్పుడు తెరిచాడు వెనక గది.

లోపల బల్ల మీద మా కొండలున్నాయి. మంచమంత బొమ్మ. థర్మాకోలు పొరలు పేర్చి, పైన పుట్టీ పట్టించి, దానిమీద నిగనిగలాడే ఎనామిల్ రంగులు వేశారు. కొండలు ఆకుపచ్చ, రోడ్డు నలుపు. గెడ్డకి అడ్డంగా తెల్లటి గోడ. ఆ గోడ ఒక్కటీ ఫైబరుతో చేసి గట్టిగా బిగించారు. గోడ వెనక లోయంతా నీలం. ఆ నీలం పైకి పాకి పాకి, మా ఊరుండే మూలని కూడా మింగేసి, అక్కడ ఆగింది.

"ఈ పై మూల నీలం తీసెయ్యాలమ్మా" అన్నాడు లక్ష్మణరావు, బెత్తంతో చూపించి. "మిగిలినదానికి దెబ్బ తగలకూడదు. కొత్త బొమ్మ చేయించే టైము లేదు. తొమ్మిదో తారీకున సభ."

"ఎందుకండీ తియ్యడం?"

"బొమ్మ చేసినవాళ్లు ఎక్కువ వేసేశారు."

"అయితే మా ఊరు ములగదా బాబూ?"

ఆయన నా వంక చూడలేదు, బొమ్మ వంకే చూశాడు. "ఏదీ ఇంకా ఫైనల్ కాలేదమ్మా. సభ ప్రశాంతంగా జరగాలి, అంతే. జనం లేనిపోని భయాలు పెట్టుకోకూడదు కదా." టీ గ్లాసు కింద పెట్టి, చాలా ఆప్యాయంగా అన్నాడు, "ఫల్గుణ మంచి కుర్రాడు. నీ పేరు అతనే చెప్పాడు. అతని మాట నిలబెట్టు."

తిరిగి వస్తూ ఘాటీలో నేను మా ఆయన్ని అడిగాను.

"ఆ రాళ్లు పీకేసి కిందకి దింపుతారేటి?"

"దింపరు."

"మరి నీలం తియ్యమంటన్నారేటి?"

అతను గేరు మార్చి మలుపు తిప్పాడు. "సభ అయిపోవాల కదా" అన్నాడు. ఇంకో మలుపు తిరిగాక, "నువ్వు తియ్యకపోతే ఇశాపట్నం నుంచి ఇంకోడొచ్చి తీత్తాడు. నీలం ఎలాగూ పోతాది. దాంతోపాటు నానూ పోతాను."

అడకత్తెరలో పోకచెక్క అని ఊరికే అంటుంటాం గానీ, ఆ మాట అర్థం నాకు ఆ మలుపులోనే తెలిసింది. కాదంటే మొగుడి పని పోతుంది, ఔనంటే ఊరికి అబద్ధం చెప్పినట్టు. చెయ్యనని చెప్పడానికి నోరు తెరిచాను కూడా. తెరిచి, "రేపు ఎన్నింటికి ఎల్లాల?" అని అడిగాను.

మూడు రోజులు పట్టింది. పొద్దున్న నన్ను ఆ గదిలో దింపి, బయట తాళం వేసేది మా ఆయనే. ఎవరూ చూడకూడదని మేనేజరు ఆర్డరు. మధ్యాహ్నం తాళం తీసి క్యారేజీ ఇచ్చి, నేను తినేదాకా గుమ్మంలో నిలబడి, మళ్లీ తాళం వేసేవాడు. మొదటి రోజు, "తాళం ఎందుకు, నానేటి పారిపోతానేటి?" అని నవ్వుతూ అన్నాను. అతను నవ్వలేదు. ఉన్న ఒక్క కిటికీకి రేకు కొట్టేశారు. రేకు సందులోంచి పొగమంచూ సంతబజారు గోలా లోపలికొచ్చేవి. నేను మాత్రం బయటికి రాలేను.

రంగు వెయ్యడం ఎవరికైనా వస్తుంది. తియ్యడమే పని. ఎనామిల్ పోవాలంటే థిన్నరు కావాలి. థిన్నరేమో థర్మాకోలుకి తగిలిందంటే దాన్ని ఉప్పు కరిగినట్టు కరిగించేస్తుంది. మొదటి గంటలోనే పుట్టీ పగులులోంచి ఒక్క చుక్క కిందికి దిగింది. చూస్తుండగానే కొండకి చింతగింజంత కన్నం పడింది. కన్నాన్ని పుట్టీతో పూడ్చి, అప్పటినుంచి జాగ్రత్తపడ్డాను. చుట్టూ టేపు అంటించి, టేపు అంచున వాజిలీను రాశాను. చీపురుపుల్లకి దూది చుట్టి, థిన్నరులో ముంచి, గుడ్డకి అద్ది, ఇక తడి లేదనిపించాక నీలం మీద రుద్దేదాన్ని. రంగు మెత్తబడి ముడత పడగానే బ్లేడుతో అంచు లేపి ఒలవాలి. ఒకసారికి గోరంత వస్తే గొప్ప. ఆ వాసనకి తల తిరిగిపోయేది.

రెండో రోజు మధ్యాహ్నం బ్లేడు కింద ఏదో గట్టిగా తగిలింది. చుట్టూ మెల్లగా తుడిచాను. బియ్యపు గింజంత ఇల్లు. దాని పక్కన ఇంకొకటి. బొమ్మ చేసినవాడు ముందు మా ఊరిని సరిగ్గానే పెట్టాడు, ఇరవై రెండు ఇళ్లూ అంటించాడు, ఆ తర్వాత అందరి మీదా నీలం పోసేశాడు. ఒక్కొక్క గడపే బయటికి తీస్తుంటే నాకు ఒళ్లు తెలియలేదు. ఇది సోములమ్మ వదిన ఇల్లు, ఇది వీధి కుళాయి దగ్గరి ఇల్లు, ఇదిగో మాది. నీళ్లలోంచి ఊరిని నా చేత్తో పైకి లాగుతున్నట్టే అనిపించింది. అబద్ధమని తెలుసు. తెలిసే మురిసిపోయాను, సిగ్గు లేకుండా చెబుతున్నాను.

మూడో రోజు ఆ తెల్లటి పుట్టీ మీద పచ్చ వెయ్యాలి. హార్డ్‌వేరు షాపులో దొరికింది తలుపులకి వేసే పచ్చ, అది కొండ పచ్చ కాదు. పుస్తకాల షాపు నుంచి స్కూలు పిల్లల పోస్టర్ రంగులు తెప్పించుకుని, పసుపూ నలుపూ చుక్క చుక్క కలుపుకుని కొండరంగు సాధించాను. కప్పులకి ఎరుపు పెట్టాను. మడుల మెట్లు గీశాను. చెయ్యి ఊరుకోక మా ఇంటి వెనక పనసచెట్టు కూడా వేశాను.

లక్ష్మణరావు వచ్చి నాలుగువైపులా తిరిగి చూశాడు. "అతుకు కనపడటం లేదే!" అన్నాడు. "మీ ఊరు మీకు తిరిగొచ్చేసింది కదమ్మా." నేను నవ్వాను కూడా.

మర్నాడు కాఫీ తోటలో సోములమ్మ వదిన నన్ను వదల్లేదు. మా ఆయనకి పెదనాన్న కోడలు ఆవిడ, అతను వదిననడం విని నేనూ అలాగే పిలుస్తాను. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. మా ఆయన్ని అందరికంటే ఎక్కువగా తిట్టేదీ ఆవిడే.

"ఏటే రత్నాలు, మూడ్రోజులు బట్టి కనపడ్నేదు? ఆడితో జీపులో ఎక్కడికెల్తన్నావు?"

"ఆస్పత్రికి వదినా."

"విశేషమేటి?" అని ముఖం ఇంత చేసుకుంది.

నేను తల అడ్డంగా ఊపాను. ఒక అబద్ధాన్ని దాచడానికి ఇంకొకటి. ఆవిడ జాలిపడి, తను కోసిన పళ్లలో సగం నా బుట్టలో పోసింది. అవి మోసుకుంటూ కొండ దిగడం నాకు శిక్షలా అనిపించింది.

తొమ్మిదో తారీకున హైస్కూలు మైదానంలో షామియానా వేశారు. పోలీసులు, మైకు, వేదిక మీద ఆఫీసర్లు, ఒక్కొక్కరి ముందూ నీళ్ల సీసాలు. మధ్యలో పెద్దాఫీసరమ్మ. వేదిక కింద బల్ల మీద మా కొండలు. చుట్టుపక్కల ఎనిమిది ఊళ్ల జనం వచ్చారు.

లక్ష్మణరావు బెత్తంతో ఒక్కొక్కటే చూపించాడు. గోడ ఇది, నీళ్లు ఇక్కడిదాకా, ఇదిగో మీ ఊరు, నీటికి ఇంత ఎగువన ఉంది, పైన రాళ్లు వట్టి సర్వే గుర్తులు, ఎవరూ ఎక్కడికీ కదలక్కర్లేదు, పైగా చేపలు. మావాళ్లు మెడలు సాచి చూశారు. తమ ఇళ్లు తమకి కనిపించాయి. "అదిగో మనిల్లు!" అని సోములమ్మ వదిన నా భుజం కుదిపేసింది. ఎవరో చప్పట్లు కొట్టారు. నేను ఆడవాళ్ల మధ్యలో తేలు కుట్టిన దొంగలా కిమ్మనకుండా నిలబడ్డాను.

అప్పుడు మా మావ లేచాడు. బల్ల దగ్గరికి వెళ్లి, మడి చూసినట్టే, వంగి ఒక కన్ను మూసి బొమ్మకి సమంగా చూపు పెట్టాడు. మా ఊరి మూలకి వచ్చేసరికి ఆయన వేలు ఒకచోట ఆగిపోయింది. పనసచెట్టు దగ్గర. బొమ్మలో ఇంకే ఇంటికీ చెట్టు లేదు, మా ఒక్క ఇంటికే ఉంది. ఆయన తలెత్తి జనంలో నన్ను వెతికి పట్టుకుని చూశాడు. నేను వదిన వెనక్కి జరిగాను. ఆయన ఏమీ అనకుండా లక్ష్మణరావు వైపు తిరిగాడు.

"గోడ ఇంతెత్తు ఎట్టినారు. నీరు అంత దిగువనెందుకు ఆగిపోద్ది బాబూ?"

"అది టెక్నికల్ విషయం పెద్దాయనా..."

"మేం మడి కడితే మట్టం మేం సెప్పం. నీరుని అడుగుతాం." వేదిక మీది నీళ్ల సీసా వైపు చెయ్యి చాపాడు. "తల్లీ, అదిలాగియ్యి."

"వద్దు, బొమ్మ పాడైపోతుంది" అంటూ లక్ష్మణరావు అడ్డం వచ్చాడు. పెద్దాఫీసరమ్మ ఒక్క క్షణం ఆలోచించి, సీసా మూత తనే తీసి ఇచ్చింది. "పొయ్యనివ్వండి" అంది.

మొదటి సీసా నీలంలో సరిపోయింది. రెండో సీసాకి నీళ్లు నీలం అంచు దాటి పచ్చలోకి పాకాయి. గోడ ఇంకా సగమే తడిసింది. మూడో సీసా పోస్తుండగా మైదానంలో చంటిపిల్లల ఏడుపు తప్ప చప్పుడు లేదు. నీళ్లు మా ఊళ్లోకి వచ్చాయి. వచ్చి ఊరుకోలేదు. స్కూలు పిల్లల రంగులు కదా, నీళ్లు తగలగానే పచ్చ లేచి తేలింది. కప్పుల ఎరుపు కరిగి కారింది. మడులు పోయాయి, పనసచెట్టు పోయింది. కింద నీలం ఒలిచిన చోటు ఎంతవరకో అంతవరకూ తెల్లగా బయటపడింది. నీళ్లు గోడ అంచుకి చేరేసరికి సరిగ్గా ఆ తెలుపు చివరనే ఆగాయి.

మా మావ ఖాళీ సీసా బల్ల మీద పెట్టి, "మట్టం ఇదీ" అన్నాడు.

తర్వాత జరిగిన గోల అందరికీ తెలిసిందే. కుర్చీలు ఎగిరాయి, సభ వాయిదా పడింది. లక్ష్మణరావు ఆ గోలలోనూ అరవకుండా నా వైపు చూశాడు. ఆ చూపు వెంటే జనం చూపులు కూడా నా మీదికి తిరిగాయి. రంగు ఎవరు వేశారో ఆ పూటకే తెలిసిపోయింది.

రాళ్లు పడతాయనుకున్నాను. దండలు పడ్డాయి. ఊరు ఒక కథ కట్టేసింది. ఫల్గుణ పెళ్లాన్ని గదిలో పెట్టి తాళం వేసి బలవంతంగా చేయించాడట. రత్నాలు తక్కువదా? నీళ్లకి పోయే రంగే ఏరి ఏరి వేసిందట. మావా కోడలూ ముందే అనుకున్నారట. ఎంత చక్కటి కథ! నమ్మితే నాకూ బాగుండేది.

మా ఆయన పని మర్నాడే పోయింది. పని పోవడమే కాదు, ఊరు అతన్ని వెలేసినంత పని చేసింది. కుళాయి దగ్గరికి వెళితే ఆడవాళ్లు బిందెలు తీసుకుని వెళ్లిపోయేవారు. నాలుగో రోజున సంచి సర్దుకున్నాడు. సీలేరులో ఎవరిదో సర్వీసు జీపు తోలడానికి.

గుమ్మంలో ఆగి అడిగాడు, "నిజం సెప్పు. తెలిసే ఏసినావా ఆ రంగు?"

"లేదు. నాకంత దమ్ము లేదు. రంగు బాగా కుదిరిందనే ఏసినాను."

"మరి ఊరికి సెప్పు. ఇద్దరం సేసినాం కదా. నానొక్కణ్ణే ఎందుకెల్లిపోవాల?"

"కందికొత్తనాడు సెప్తాను" అన్నాను.

మాకు కొత్తపంట తినే రోజున ఒక కట్టడి ఉంది. కడుపులో ఏదైనా దాచుకుంటే, ముద్ద నోట్లో పెట్టే ముందు అందరిలో చెప్పెయ్యాలి. దాచుకుని తింటే కొత్త ఒంటబట్టదని. ఆ రోజు ఎవరేం చెప్పినా ఊరు విని క్షమించాలి. నన్ను క్షమిస్తే, అదే తప్పు చేసిన అతన్నీ క్షమించాలి. మా ఆయన వెనక్కి రావడానికి నాకు కనిపించిన దారి అదొక్కటే.

కందికొత్త నాటికి సభకి మళ్లీ తేదీ వేశారని కబురొచ్చింది. ఎగువన రాళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. కొండదేవత జాకరమ్మకి మొక్కాక, కొత్త కందులు ఉడకబెట్టి అడ్డాకుల్లో వడ్డిస్తూ, అమ్మవారి తర్వాత మొదటి ఆకు తెచ్చి నా ముందు పెట్టారు. నేను తినకుండా లేచి నిలబడ్డాను.

"నాకో మాటుంది. ఆ రంగు నాను తెలిసి ఎయ్యనేదు. నీలం తియ్యమన్నారు, తీసీసినాను. మన ఊరు ములుగుతాదని తెలిసే తీసినాను. నన్నెవులూ కొట్టనేదు, తిట్టనేదు. అతని తప్పెంతో నా తప్పూ అంతే."

సోములమ్మ వదిన ఫక్కున నవ్వింది.

"సూడండే, మొగుణ్ణి ఎలగ ఎనకేసుకొత్తందో!"

అందరూ నవ్వారు. ఒకావిడ కళ్లు కూడా తుడుచుకుంది, ఎంత మంచి పెళ్లామో అని.

"నిజం వదినా! జాకరమ్మ మీదొట్టు!"

"ఒట్టెయ్యకే పిచ్చిదానా. మాకు తెల్దేటి నువ్వెలాటిదానివో? కూకో, తిను."

ఆ గదికి తాళమైనా ఉండేది, తీసేవాడూ ఉండేవాడు. నిజం చెప్పినా బయటపడలేకపోతే ఇంక ఏ తలుపు తట్టాలి? మా మావ వైపు చూశాను. పనసచెట్టు చూసి, అది నేను ముచ్చటపడే వేశానని ఎరిగింది ఆయన ఒక్కడే. ఔనంటే కొడుకు వస్తాడు, కోడలి మంచిపేరు పోతుంది. కాదంటే ఆ పేరు మిగులుతుంది, కొడుకు పోతాడు.

ఆయన లేచి కట్టలోంచి ఇంకో అడ్డాకు తీశాడు. నా ఆకు పక్కన, అంచు అంచుకి తగిలేలా పరిచాడు. కుండలోంచి తనే కందులు తీసి దానిలో వడ్డించాడు.

"ఇద్దరూ ఒక్క పనే సేసినారు" అన్నాడు. "ఇద్దరికీ ఒక్క కుండే."

నవ్వులు ఆగిపోయాయి. సోములమ్మ వదిన నా ముఖంలోకి చూసింది, మావ ముఖంలోకి చూసింది, మళ్లీ నా ముఖంలోకి చూసింది. ఆవిడ నోరు మూతపడటం నేను కాపరానికి వచ్చాక అదే మొదటిసారి. ఎవరూ లేచి వెళ్లలేదు. మనిషి లేని ఆ ఆకు మీద కందులు పొగలు కక్కుతున్నాయి.

చివరికి వదిన ఉప్పు దొన్నె తీసుకుని వచ్చింది. నా ఆకులో వెయ్యలేదు. నా వైపు చూడను కూడా లేదు. పక్క ఆకు ముందు గొంతుక్కూర్చుని, చిటికెడు ఉప్పు తీసి అంచున పెట్టింది.

"ఉప్పెయ్యడం మరిసిపోనావు మావా" అంది. "ఉప్పు లేందే ఆడు తిన్డు."

అప్పుడు నేను ఏడ్చాను. ఏడుస్తూనే తిన్నాను.